ల్యాండ్‌లార్డ్ ఏల్ రుచి చూడటం ఎలా?

హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చిన బంధువులు పబ్బులో ల్యాండ్‌లార్డ్ అనే ఏల్ (ఒక రకం బీరు) మొదటి గుక్కకే "ఇది చల్లగా లేదేమిటి?" అని అడుగుతుంటారు. మరీ చల్లగా ఉండకూడదు. పీపాలోనే మరోసారి పులిసే ఈ ఏల్‌ను నేలమాళిగలో 11–13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అంతకన్నా చల్లబడితే వాసన అణిగిపోతుంది. వాసనే లేకపోతే ఇక దేన్ని చూసి అంచనా కడతాం?

కొత్తవాళ్లు కీత్లీ పట్టణంలో ల్యాండ్‌లార్డ్ తయారుచేసే టిమోతీ టేలర్ బ్రూవరీతో మొదలుపెట్టడం మంచిది. 1858లో పుట్టిన ఈ సంస్థ నేటికీ నోల్ స్ప్రింగ్ ఊటనీటినీ, గోల్డెన్ ప్రామిస్ రకం బార్లీనీ వదల్లేదు. లీడ్స్ నుంచి రైలుంది, కారు ఇంటి దగ్గరే ఉంచండి.

తేలిక రకంతో మొదలుపెట్టాలి. ఆ బ్రూవరీ ఏల్‌లలోనే ముందు 3.5 శాతం ఆల్కహాల్ ఉన్న గోల్డెన్ బెస్ట్, తర్వాత 4 శాతం బోల్ట్‌మేకర్, చివరికి 4.3 శాతం ల్యాండ్‌లార్డ్. అన్నీ అర పైంట్లే తీసుకోండి. అంతకుముందు కారంగా ఏమీ తినవద్దు.

గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడండి. ల్యాండ్‌లార్డ్ తేనె రంగులో, అవతలి వేళ్లు కనబడేంత తేటగా ఉండాలి. లీడ్స్, కీత్లీ ఉన్న ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో కుళాయి మూతికి స్పార్క్లర్ అనే సన్న చిల్లుల బిళ్ల బిగిస్తారు. నురగ చిక్కగా వచ్చేది దానివల్లే. తాగేకొద్దీ ఆ నురగ గ్లాసు లోపల వలయాలుగా అంటుకుంటుంది.

ఇక వాసన. స్టైరియన్ గోల్డింగ్స్ రకం హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వులు) వల్ల నారింజ తొక్క గిల్లినప్పటి పరిమళం వస్తుంది. వెనిగర్ వాసన వస్తే మాత్రం పీపా తెరిచి చాలా రోజులై ఉంటుంది. అది బ్రూవరీ తప్పు కాదు. కౌంటర్ దగ్గర మర్యాదగా చెప్పి మార్చమనండి. ఆ గ్లాసును బట్టి ఏల్‌కు మార్కులు వేయడం అన్యాయం.

గుక్కను నోరంతా తిప్పి మింగండి. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మేస్తే అసలు సంగతి తెలియదు, ఎందుకంటే చేదు నిలిచేది మింగిన తర్వాతే. ముందు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి, వెనకే చేదు. బాగా వేగిన కాకరకాయలా ఇంకో ముద్ద అడిగించే చేదు అది, నాకు ప్రాణం. నాలుక పిడచగట్టేంత వగరు తగిలితే మాత్రం లోపమే.

సగం గ్లాసు మిగిల్చి పది నిమిషాలు ఆగండి. కాస్త వెచ్చబడ్డాక మళ్లీ వాసన చూసి, తాగి, అప్పుడు రాసుకోండి. మొదటి గుక్క కన్నా చివరి గుక్క బాగున్న ఏల్‌కే నేను పదికి ఎనిమిది దాటి వేస్తాను.