ఫైన్ కట్టేశాం సరే, మరి ఆ చెంపదెబ్బకి అర్జీ ఎక్కడ పెట్టాలి? పోలీసుల మీద ఫిర్యాదు చేసే విధానం

పోయిన ఏడాది మా తమ్ముడు సందు చివర టీ తాగి మెయిన్ రోడ్డెక్కాడు, హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది, సరిగ్గా అక్కడే చెకింగ్. ఆపడం ఆపడమే తాళం లాగేసుకున్నారు, వీడు "సార్ చలాన్ రాయండి కడతాను, తాళం ఇవ్వండి" అన్నాడు, అంతే, ఎదురు మాట్లాడతావా అని నలుగురి ముందు చెంప మీద కొట్టారు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు వాడు. విషయం తెలిశాక మా నాన్న అన్న మొదటి మాట ఏంటంటే "తప్పు నీదే కదరా, హెల్మెట్ పెట్టుకోవాల్సింది".

చాలా ఫిర్యాదులు ఈ మాట దగ్గరే ఆగిపోతాయి. అందుకే ముందు ఇది చెప్తా, తర్వాత పద్ధతి చెప్తా. హెల్మెట్ లేకపోవడం తప్పే, కాదనట్లేదు. దానికి శిక్ష మోటారు వాహనాల చట్టంలో 194డి సెక్షన్‌లో రాసుంది, 2019 సవరణ ప్రకారం 1000 రూపాయల జరిమానా, లైసెన్స్ మూడు నెలలు పక్కన పెట్టడం (చలాన్ మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది). అందులో చెంపదెబ్బ లేదు, బూతులు లేవు, గుంజీలు తీయించడం లేదు, బండి తాళం లాక్కోవడం కూడా లేదు. మన తప్పుకి ఫైన్ మనం కడతాం, వాళ్ళ తప్పుకి ఫిర్యాదు మనం పెడతాం, ఈ రెండూ వేరువేరు కాగితాలు. ఫైన్ కట్టినంత మాత్రాన కొట్టించుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు.

పోనీ చిన్న విషయమే కదా అని వదిలేద్దామా అంటే, చిన్న రూల్ దగ్గర మొదలైనవే ఎక్కడిదాకా పోయాయో 2020లో చూశాం. ఆ జులైలో చీరాలలో మాస్కు లేదని ఆపిన ఒక దళిత కుర్రాడు గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు, పోలీసులు కొట్టడం వల్లే అని కుటుంబం చెప్పింది. అంతకు ముందు నెల తమిళనాడు సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ టైమ్ దాటి సెల్‌ఫోన్ షాపు తెరిచారని తీసుకెళ్ళిన తండ్రీకొడుకులిద్దరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీ పేరుతో రోడ్డు మీద కుర్రాళ్ళని ఆపి ఫోన్లలో వాట్సాప్ చాట్లు చూస్తున్న వీడియో బయటికొచ్చింది. చెకింగ్ అన్నాక లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ అడగొచ్చు, డిజిలాకర్‌లో ఉన్నవి చూపించినా చెల్లుతాయి. ఫోన్ అన్‌లాక్ చేసి చాట్లు చూపించు అనే అధికారం మాత్రం ఏ ట్రాఫిక్ సెక్షన్‌లోనూ లేదు.

సరే, అసలు పనికొద్దాం.

అర్జీ కంటే ముందు ఆ రోజే చేయాల్సినవి ఉన్నాయి, ఇక్కడ ఆలస్యం అయితే తర్వాత ఎంత బాగా రాసినా బలం ఉండదు. ఒంటి మీద దెబ్బ ఉంటే అదే రోజు గవర్నమెంట్ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి, ఎవరు కొట్టారో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి, బాత్‌రూమ్‌లో జారిపడ్డా అని చెప్పొద్దు. పోలీసులు కొట్టారు అని చెప్తే వాళ్ళు మెడికో లీగల్ కేసుగా రాస్తారు, ఆ నంబర్ అడిగి తీసుకోండి, తర్వాత వూండ్ సర్టిఫికెట్‌కి (దెబ్బల వివరాలు డాక్టర్ రాసిచ్చే కాగితం) అదే ఆధారం. దెబ్బలకి ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. ఎదురుగా ఉన్న షాపులకి కెమెరా ఉంటే ఆ షాపాయన్ని మంచిగా అడగండి, ఎందుకంటే షాపుల్లో పాత రికార్డింగ్ మీదే కొత్తది ఎక్కిపోతుంది, వారం ఆగి వెళ్తే ఏమీ ఉండదు. మావాడి విషయంలో టీ కొట్టాయన కెమెరాలో మాట వినపడలేదు గానీ చెయ్యి లేవడం కనపడింది, అది చాలింది. చూసినవాళ్ళలో ఇద్దరి నంబర్లు రాసుకోండి. కొట్టినాయన పేరు తెలీకపోతే ఛాతీ మీద నేమ్ ప్లేట్‌లో చూసింది, పెట్రోలింగ్ బండి నంబర్, చలాన్ రాసుంటే దాని నంబర్, టైమ్, ఏది ఉంటే అది రాసుకోండి. లైసెన్స్ తీసుకున్నారంటే మోటారు వాహనాల చట్టం 206 సెక్షన్ ప్రకారం టెంపరరీ రసీదు ఇవ్వాలి, ఇవ్వకపోతే అది కూడా ఫిర్యాదులో ఒక పాయింటే.

ఇక అర్జీ. తెల్లకాగితం చాలు, స్టాంప్ పేపర్ అక్కర్లేదు, ఫీజు లేదు, తెలుగులో రాయొచ్చు. ఎవరికి రాయాలంటే, జిల్లాల్లో అయితే ఎస్పీకి, కమిషనరేట్ అయితే సీపీకి (పోలీస్ కమిషనర్‌కి) గానీ ఆ జోన్ డీసీపీకి గానీ. అదే స్టేషన్‌లో ఇస్తే ఏమవుద్దో మీకూ తెలుసు, రైటర్ (స్టేషన్‌లో రాతపని చూసే కానిస్టేబుల్) తీసుకుని పక్కన పెడతాడు, రసీదు అడిగితే సార్ వచ్చాక రా అంటాడు. మేమూ ముందు అక్కడే తిరిగాం, మూడు రోజులు పోయాయి. పై ఆఫీసులో తపాల్ సెక్షన్ (వచ్చిన కాగితాలు తీసుకునే చోటు) ఉంటుంది, అక్కడ ఒరిజినల్ ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర, తేదీ, ఇన్వర్డ్ నంబర్ (మీ అర్జీకి ఆఫీసు ఇచ్చే నంబర్) వేయించుకోండి. ఈ ముద్ర వేసిన జిరాక్సే మీ ఆస్తి అనుకోండి, తర్వాత ప్రతి మెట్టు దీని మీదే నడుస్తుంది. సోమవారం పూట ఎస్పీ ఆఫీసుల్లో అర్జీలు నేరుగా తీసుకుంటారు, వీలైతే అప్పుడు వెళ్ళండి, మనిషి ముఖం చూసి చెప్పిన దానికి విలువ వేరు. వెళ్ళలేకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచండి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసి దానికే పిన్ చేయండి. హైదరాబాద్ వాళ్ళకి హాక్ ఐ యాప్‌లో కూడా పోలీసుల మీద చెప్పుకునే వీలుంది, కానీ యాప్‌లో పెట్టి ఊరుకోకండి, కాగితం కూడా ఇవ్వండి.

ఏం రాయాలో చాలామందికి అక్కడే చెయ్యి ఆగిపోద్ది, అందుకే మేము రాసిన పద్ధతి ఇక్కడ ఇస్తున్నా, మీ వివరాలతో మార్చుకోండి:

"గౌరవనీయులైన ఎస్పీ గారికి, (పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్) వ్రాసుకున్న అర్జీ. ఫలానా తేదీ సాయంత్రం సుమారు ఇన్ని గంటలకు ఫలానా సెంటర్ దగ్గర వాహన తనిఖీలో నన్ను ఆపారు. నేను హెల్మెట్ ధరించలేదు, అందుకు జరిమానా కట్టడానికి సిద్ధమని చెప్పాను. విధుల్లో ఉన్న (పేరు లేదా గుర్తులు) నా బండి తాళం లాక్కుని, నన్ను ఈ మాటలతో దూషించి, చెంపపై కొట్టారు. చూసిన సాక్షులు ఫలానావారు. ఆసుపత్రి చీటీ, ఫోటోలు జతపరిచాను. ఆ సమయంలోని బాడీ కెమెరా, సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోకుండా భద్రపరచాలని, విచారణ జరిపి శాఖాపరమైన చర్యతో పాటు కేసు నమోదు చేయాలని కోరుతున్నాను."

హెల్మెట్ లేదన్న మాట దాచకండి. దాస్తే రేపు విచారణలో ముందు అదే తీస్తారు, మనమే రాసేస్తే వాళ్ళ చేతిలో ఆ ఆయుధం ఉండదు. జరిగిన దానికి ఒక్క ముక్క కూడా కలపకండి, ఒక దెబ్బ అయితే ఒక దెబ్బ అనే రాయండి. రికార్డింగ్ భద్రపరచమనే లైన్ మాత్రం వదలొద్దు. స్టేషన్ లోపల జరిగింది అయితే ఇది ఇంకా ముఖ్యం, 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, అంత కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. కెమెరా పనిచేయట్లేదు అని చెప్తే, ఆ జవాబునే రాతపూర్వకంగా అడగండి.

నెల దాటినా కబురు లేకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) పెట్టండి. ఎస్పీ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి, 10 రూపాయల ఫీజు, కోర్టు ఫీ స్టాంప్ అంటించినా సరిపోద్ది. "ఫలానా ఇన్వర్డ్ నంబర్ గల నా అర్జీపై తీసుకున్న చర్య ఏమిటి, విచారణ అధికారి ఎవరు, విచారణ నివేదిక నకలు ఇవ్వండి" ఇంతే, నాలుగు లైన్లు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీల్. నిజం చెప్తున్నా, మా అర్జీ కదిలింది ఆర్టీఐ పెట్టాకే.

మానవ హక్కుల కమిషన్ ఇంకో దారి. రెండు రాష్ట్రాలకీ వేరువేరు కమిషన్లున్నాయి, ఢిల్లీలో జాతీయ కమిషన్ ఉంది, దాని హెల్ప్‌లైన్ 14433. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, పోస్ట్‌లో పంపొచ్చు, తెలుగులో రాయొచ్చు. జరిగిన రోజు నుంచి ఏడాది లోపే పంపాలి, ఆ తర్వాత తీసుకోరు. రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్న దాన్నే మళ్ళీ జాతీయ కమిషన్‌కి పంపితే పక్కన పెట్టేస్తారు కాబట్టి ఒక్కచోటే పెట్టండి. కమిషన్ చేసేది సిఫార్సే, పరిహారం ఇవ్వండి, చర్య తీసుకోండి అని ప్రభుత్వానికి చెప్తుంది, జైలుకి పంపదు. అయినా కమిషన్ నుంచి రిపోర్ట్ అడుగుతూ నోటీసు వెళ్ళిందంటే కింద ఆఫీసులో ఫైలు కదులుతుంది.

దెబ్బలు గట్టివి అయితే, రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెడితే, డబ్బులు లాక్కుంటే, ఇవి శాఖాపరమైన మెమోతో పోయేవి కాదు, కేసు కావాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 173 సెక్షన్ కింద స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అడగాలి, జరిగిన చోటు తమ పరిధిలో లేకపోయినా ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్‌ఐఆర్ అడగొచ్చు. తీసుకోకపోతే 173(4) ప్రకారం ఎస్పీకి రాతలో పంపాలి, అక్కడా కాకపోతే 175(3) కింద మెజిస్ట్రేట్ దగ్గరికి అఫిడవిట్‌తో వెళ్ళాలి. మీరు ఎస్పీకి పంపిన రుజువు మెజిస్ట్రేట్ ముందు చూపించాలి, అందుకే ముద్ర జిరాక్స్ గురించి అంతగా చెప్పింది. డ్యూటీలో చేసిన పని మీద ఫిర్యాదు కాబట్టి 175(4) ప్రకారం పై అధికారి రిపోర్ట్, ఆ ఉద్యోగి వాదన కూడా మెజిస్ట్రేట్ తెప్పించుకుంటారు, టైమ్ పడుతుంది. ఇక్కడికొచ్చేసరికి లాయర్ ఉండడమే మంచిది. డబ్బులు లేవని ఆగకండి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగా లాయర్‌ని ఇస్తుంది, జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, ఫోన్ అయితే 15100.

అర్జీ పెట్టాక ఏమవుద్దో కూడా చెప్పాలి, దీనికి ఎవరూ మనల్ని సిద్ధం చేయరు. ముందు ఎవరో తెలిసినవాళ్ళతో ఫోన్ చేయిస్తారు, కుర్రాడి భవిష్యత్తు అంటారు, ఉద్యోగం వెరిఫికేషన్ వస్తే మా దగ్గరికే రావాలి కదా అంటారు. మా అమ్మ ఈ మాటకి చాలా భయపడింది, వెనక్కి తీసేసుకోండిరా అని ఏడ్చింది. అలాంటి ఫోన్ వస్తే తేదీ, టైమ్, ఏమన్నారో రాసి మొదటి అర్జీ నంబర్ వేసి ఇంకో అర్జీగా అదే ఎస్పీకి ఇవ్వండి, మేము అదే చేశాం, తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. విచారణకి డీఎస్పీ ఆఫీసుకి పిలుస్తారు, ఒక్కళ్ళే వెళ్ళకండి. ఆడవాళ్ళని, 15 ఏళ్ళలోపు పిల్లల్ని, 60 దాటిన పెద్దవాళ్ళని కేసు దర్యాప్తులో సాక్షిగా స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్ళ ఇంటి దగ్గరే అడగాలి, నాగరిక్ సురక్షా సంహిత 179 సెక్షన్ అదే చెప్తుంది.

స్టేట్‌మెంట్ వాళ్ళే రాస్తారు, చివర్లో సంతకం పెట్టమంటారు. మొత్తం చదవందే పెట్టకండి. మావాడి స్టేట్‌మెంట్‌లో "నెట్టారు" అని రాసుంది, వాడు "నెట్టలేదు సార్, కొట్టారు" అని అక్కడే దిద్దించి, దిద్దిన చోట కూడా సంతకం పెట్టొచ్చాడు.