హార్డ్‌డిస్క్ డబ్బా ఆన్ కావట్లేదా? ముందు అడాప్టర్ చూడండి

హార్డ్‌డిస్క్‌ని లోపల పెట్టి కంప్యూటర్‌కు కలిపే డబ్బా మీద లైటు వెలుగుతుంది. డిస్క్ తిరగబోయినట్టు గుయ్‌మంటుంది, టక్కుమని ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. ఈ చప్పుడు వినగానే చాలామంది డిస్క్ పోయిందని డేటా రికవరీకి పరుగెత్తుతారు. కాస్త ఆగండి. విడిగా అడాప్టర్ ఉండే 3.5 అంగుళాల డిస్క్ డబ్బాల్లో, నేను చూసినంతవరకు, ముందు పోయేది అడాప్టరే. గీరుతున్న చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపేయండి, అది డిస్క్ లోపలి సమస్య.

తేలిక పనులు మొదట. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి అడాప్టర్‌ని గోడ సాకెట్‌లో పెట్టండి. యూఎస్‌బీ కేబుల్ మార్చండి. కంప్యూటర్‌కు కలిపితేనే లేచే డబ్బాలు చాలా ఉన్నాయి, కాబట్టి కేబుల్ పెట్టకుండా ఏదీ తేల్చొద్దు. అడాప్టర్ లేని 2.5 అంగుళాల డిస్క్ అయితే పోర్టు మార్చి చూడండి: యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 500 మిల్లీఆంపులు, 3.0 అయితే 900.

ఇక అసలు పని. అడాప్టర్ పిన్నుకు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, 'అడాప్టర్ బాగానే ఉంది' అనేస్తారు. అక్కడే మోసపోతారు. డిస్క్ మోటారు లేచే ఆ కొన్ని సెకన్లలో 2 ఆంపుల దాకా లాగుతుంది. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపించి, ఆ లోడ్ పడగానే 9కి జారిపోతుంది. అందుకే లోడ్ మీదే కొలవాలి.

సీసీ కెమెరాల సామాను అమ్మే షాపులో స్క్రూలతో బిగించే డీసీ పిన్నులు దొరుకుతాయి. అడాప్టర్‌కూ డబ్బాకూ మధ్య పెట్టి కొలవడానికి మగది ఒకటి, ఆడది ఒకటి తెచ్చి, కాస్త మందమైన రెండు పొట్టి వైర్లతో ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలపండి. బిగించేటప్పుడు అడాప్టర్ సాకెట్‌లో ఉండకూడదు. తర్వాత అడాప్టర్ ఆన్ చేసి, డబ్బాకు పెట్టకముందే చివరి పిన్నును కొలవండి: మీటర్ ఎర్ర ప్రోబ్ (తీగ మొన) రంధ్రం లోపల, నల్లది బయటి అంచుకు. అడాప్టర్ మీది బొమ్మలో మధ్యలో ప్లస్ ఉండీ, మీటర్‌లో మైనస్ గుర్తు కనిపిస్తే వైర్లు తిరగబడ్డాయి. అలాగే పెట్టేస్తే డబ్బా, డిస్క్ రెండూ పోవచ్చు. ఈ ఒక్క తనిఖీని దయచేసి వదిలేయకండి.

అంతా సరిగ్గా ఉంటే డబ్బాకు పెట్టి, ఆన్ చేస్తూ స్క్రూల దగ్గర కొలవండి. రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలకూడదు. 11.4 వోల్టుల కంటే కిందికి పడితే ఆ అడాప్టర్ పనికిరాదు. విప్పి బాగుచేయించొద్దు, కొత్తది కొనండి.

కొనేటప్పుడు డబ్బా మీద, అడాప్టర్ మీద ఉన్న ప్లస్ మైనస్ బొమ్మలు ఒకేలా ఉండాలి. 12 వోల్టులు అంటే 12 వోల్టులే. ఆంపులు తగ్గకూడదు, పెరిగితే నష్టం లేదు. నాలుగు డిస్కుల డబ్బాకు 2 ఆంపుల అడాప్టర్ అసలే చాలదు. పిన్ను లోపలి కొలత కూడా అడగండి: 2.1 మిల్లీమీటర్ల జాక్‌లో 2.5 పిన్ను దూరినా వదులుగా ఉండి, కదిపినప్పుడల్లా కరెంటు పోతుంది.

పిన్ను పట్టింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టినవాళ్లను చూశాను. ఆ దెబ్బకు డిస్క్‌కు బిగించి ఉండే సర్క్యూట్ బోర్డు మీద కాపలా ఉండే చిన్న డయోడ్ షార్ట్ అయిపోతుంది. అప్పుడు అదే మోడల్ బోర్డు తెచ్చి వేయించుకోవచ్చనుకోకండి. ఆ డిస్క్‌కు మాత్రమే సరిపోయే వివరాలు పాత బోర్డు మీది చిప్‌లో ఉంటాయి.

అడాప్టర్ మార్చినా లేవకపోతే డిస్క్ తీసి ఖాళీ డబ్బా ఆన్ చేయండి. డిస్క్ ఉన్నప్పుడు చచ్చినట్టున్న డబ్బా, తీయగానే లైటు వెలిగితే డిస్క్ బోర్డులో షార్ట్ ఉందని అర్థం. ఇక ఆ డిస్క్‌ని మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వండి.

డబ్బాదే తప్పయితే, డిస్క్‌ని వేరే డబ్బాలో పెట్టగానే కంప్యూటర్ 'ఫార్మాట్ చేయాలా' అని అడగొచ్చు. క్యాన్సిల్ నొక్కండి. కొన్ని డబ్బాల బోర్డులు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య లిపిలోకి మార్చి) రాస్తాయి, కొన్ని సెక్టార్ సైజును (డిస్క్ మీద డేటా రాసే చిన్న ముక్కల కొలతను) వేరేగా చూపిస్తాయి. మీ ఫొటోలు డిస్క్ మీదే ఉంటాయి, చదవడానికి అదే మోడల్ డబ్బా కావాలి.