అమెరికా పాస్‌పోర్టుతో హైదరాబాద్‌లో కాపురం: మొదటి నెల పనులు

ఏళ్ళ తరబడి అమెరికాలో ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ఉద్యోగం కోసమో పెద్దవాళ్ళ కోసమో హైదరాబాద్‌కు మకాం మార్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ళతో పాటు ఇక్కడ ఎన్నడూ ఉండని పిల్లలు, కొన్ని ఇళ్ళలో అమెరికన్ కోడలో అల్లుడో కూడా వస్తారు. భాష, తిండి తెలిసినవాళ్ళకు సైతం మొదటి నెల తికమకగానే ఉంటుంది. తిప్పలు ఎక్కువగా వచ్చేది పనుల వరుస తప్పినచోట, ఆ తర్వాత ఇంట్లో కరెంటు, నీళ్ళ దగ్గర. అందుకే వాటి గురించే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

కాగితాలు

భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అమెరికా పౌరులైన తెలుగువారికి ఉన్న దారి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. (మొదటి ఓసీఐ కార్డులు 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఇచ్చారు.) అది ఉంటే ఎన్నాళ్ళున్నా విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్ళనక్కర్లేదు. ఓటు వేయడానికి, వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం వీల్లేదు. పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది. కొత్తది రాగానే దాని వివరాలు ఓసీఐ సైటులో ఎక్కించాలి. ఇది మరిచిపోతే ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఓసీఐ లేకుండా ఉద్యోగ వీసా మీద 180 రోజులకు మించి ఉండేవారు దిగిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) నమోదు చేసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. విదేశీయుడు ఇంట్లో దిగితే ఆ సంగతి 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలపాల్సింది ఇంటి యజమాని. ఫారం-సి అని అందరూ అనేది దీన్నే. చాలామంది ఓనర్లకు ఇది తెలియదు. అద్దె మాట్లాడుకునేటప్పుడే చెప్పి చేయించుకోండి, నమోదు సమయంలో దాని కాపీ అడుగుతారు.

అన్నిటికంటే ముందు ఫోన్ నంబరు

ఇక్కడ బ్యాంకు, గ్యాసు, ఆస్పత్రి, కూరగాయల డెలివరీ అన్నీ పదంకెల నంబరుకు వచ్చే ఓటీపీ మీదే నడుస్తాయి. దిగిన మరుసటి రోజే సిమ్ తీసుకోండి. పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ, ఫొటో, ఇక్కడి చిరునామా కావాలి. వీటితో పాటు స్థానికంగా ఒకరి నంబరు రిఫరెన్సుగా ఇవ్వాలి. వాళ్ళ ఫోనుకూ ఓటీపీ వస్తుంది కాబట్టి బాబాయినో మేనమామనో ఫోను దగ్గర ఉంచుకోమనండి. వీసా మీద తీసుకున్న సిమ్ ఆ వీసా గడువుతోనే ఆగిపోతుంది. పొడిగించుకున్న వెంటనే కొత్త కాగితం దుకాణంలో ఇవ్వాలి.

అమెరికా నంబరును వదిలేయకండి. అక్కడి బ్యాంకుల కోడ్‌లు దానికే వస్తాయి. చవకైన ప్రీపెయిడ్ ప్లాన్‌కు మార్చుకుని, బయల్దేరే ముందు అమెరికాలో ఉండగానే వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఒకసారి పనిచేస్తుందో లేదో చూసుకోండి. ఇక్కడికి వచ్చాక ఆన్ చేద్దామంటే కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఇంటర్నెట్ నంబర్లకు కోడ్ పంపని బ్యాంకులూ ఉన్నాయి.

సిమ్ తర్వాత పాన్ కార్డు, ఆపైన బ్యాంకు ఖాతా. విదేశీ పౌరుల పాన్ దరఖాస్తు వేరు, భారతీయులది నింపకండి. ఇక్కడే స్థిరపడడానికి వచ్చినవారు పాత ఎన్‌ఆర్‌ఈ ఖాతాను (ఎన్‌ఆర్‌ఐల రూపాయి ఖాతా) అలాగే వాడుకోకూడదు. బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా (తిరిగొచ్చినవారు విదేశీ కరెన్సీ ఉంచుకునేది) అడగండి. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే ఫాట్కా (అమెరికా పౌరుల విదేశీ ఖాతాల వివరాలు అడిగే అక్కడి చట్టం) పత్రంలో అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు రాయాలి. యూపీఐ యాప్‌కు బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోనులో ఉండాలి. కొత్తగా పెట్టుకున్న మొదటి 24 గంటలు చాలా యాప్‌లలో 5,000 రూపాయలకు మించి పంపలేరు. కాబట్టి ఇంటి అడ్వాన్సు ఇచ్చే రోజుకు ముందే ఈ పని ముగించండి. ఆధార్‌కు తొందరలేదు, అంతకుముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్నవారికే అర్హత.

అద్దె ఇల్లు

ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాస్తారు. అన్‌ఫర్నిష్డ్ అంటే ఫ్రిజ్, పొయ్యి, వాషింగ్ మెషీన్ ఉండవు. ఒక్కోచోట ఫ్యాన్లు, లైట్లు, కర్టెన్ రాడ్లు కూడా మీరే పెట్టుకోవాలి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసి ఉందో విడిగానో ముందే తేల్చుకోండి.

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఫ్లాట్ల ఓనర్లు చాలామంది ఎన్‌ఆర్‌ఐలు. ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దెలోంచి 30 శాతం, దానిపై సెస్ కలిపి టీడీఎస్ (ఇచ్చేటప్పుడే మినహాయించే పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవారిది. అద్దె ఎంత చిన్నదైనా ఇదే నియమం. కట్టకపోతే వడ్డీతో సహా మీ మెడకే చుట్టుకుంటుంది. ఇల్లు నచ్చగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఓనర్ ఎక్కడ ఉంటారన్నదే.

కరెంటు

అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సామాను సర్దేటప్పుడే ప్రతి వస్తువు అడుగునో ఛార్జర్ మీదో సన్నక్షరాల్లో ఉన్న ఇన్‌పుట్ వరుస చదవండి. 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే పిన్ను మార్చే చిన్న అడాప్టర్ చాలు. లాప్‌టాప్, ఫోన్, కెమెరా ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. 120 వోల్టులు మాత్రమే అని ఉన్న కరెంటు కుక్కర్, టోస్టర్, హెయిర్ డ్రయర్, వాక్యూమ్ క్లీనర్‌లను అక్కడే అమ్మేసి రండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఎక్స్‌టెన్షన్ బాక్సుతో. అమెరికాలో కొన్న సర్జ్ ప్రొటెక్టర్ బాక్సు లోపల 120 వోల్టుల లైనుకు సరిపోయే వేరిస్టర్ ఉంటుంది. లైనులో వోల్టేజి పెరిగితే కరెంటును పక్కకు లాగేయడం దాని పని. 230 వోల్టులకు పెట్టగానే అది నిరంతరం కరెంటు లాగి, వేడెక్కి పేలిపోతుంది. దానికి ఏ వస్తువూ తగిలించకపోయినా పేలుతుంది. ఇక్కడ కొన్న బాక్సులే వాడండి.

ఒకటి రెండు వస్తువులు వదల్లేమనుకుంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. వస్తువు వాట్లకు ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉండాలి, అంటే 1,000 వాట్ల వస్తువుకు 1,500 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని చెప్పే వోల్ట్-ఆంపియర్లు). ప్రయాణాలకు అమ్మే తేలికపాటి కన్వర్టర్లు వేడి చేసే వస్తువులకే పనికొస్తాయి, ఎలక్ట్రానిక్స్‌ను పాడుచేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులనే తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. లైను హెర్ట్జ్‌ను బట్టి నడిచే అమెరికన్ గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. 60 హెర్ట్జ్ మైక్రోవేవ్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర వేడెక్కి కాలిపోతుంది. మైక్రోవేవ్ ఇక్కడే కొనుక్కోవాలి.

గోడ సాకెట్లు రెండు రకాలు. చిన్నది 6 ఆంప్స్, పెద్దది 16 ఆంప్స్. ఏసీ, మైక్రోవేవ్, గీజర్ పెద్దదానికే పెట్టాలి. ఇస్త్రీపెట్టెకూ అదే మేలు. ప్రతి సాకెట్‌కూ విడిగా స్విచ్ ఉంటుంది. పైగా ఇక్కడ స్విచ్ కిందికి నొక్కితే ఆన్, అక్కడ పైకి. ఛార్జర్ పాడైందని పిల్లలు చెబితే ముందు స్విచ్ చూడండి.

అక్కడ కుళాయి తిప్పితే ఎప్పుడూ వేడినీళ్ళే. ఇక్కడ స్నానానికి ముందు గీజర్ వేసుకోవాలి. 15 లీటర్ల, 2,000 వాట్ల గీజర్ నీళ్ళను 30 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 16 నిమిషాలు పడుతుంది. 25 లీటర్లదైతే 26 నిమిషాలు. ఒకరి వెంట ఒకరు స్నానం చేయాలంటే ఈ లెక్క గుర్తుండాలి.

ఫ్రిజ్ తలుపో లాప్‌టాప్ అంచో ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టించండి. రెండు మూడు వోల్టులు దాటి చూపిస్తే వైరింగ్ సరిచేయించాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఓనర్‌ను అడిగి పెట్టించుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో దీనిమీద రాజీపడకూడదు. అపార్ట్‌మెంట్ జనరేటర్ ఉందన్నప్పుడు ఒక్కో ఫ్లాట్‌కు ఎన్ని కిలోవాట్లు ఇస్తారో కూడా అడగండి. చాలాచోట్ల లైట్లు, ఫ్యాన్లే నడుస్తాయి, ఏసీ వేయగానే ట్రిప్ అవుతుంది.

నీళ్ళు, గ్యాసు

అపార్ట్‌మెంట్ సంపులో జలమండలి నీళ్ళు, బోరు నీళ్ళు, ఎండాకాలమైతే ట్యాంకర్ నీళ్ళు అన్నీ కలుస్తాయి. అందుకే ఈ వారం ఉన్న నీళ్ళు వచ్చే వారం ఉండవు. పెన్నులాంటి టీడీఎస్ మీటర్ (ఇది పన్ను టీడీఎస్ కాదు, నీళ్ళలో కరిగిన లవణాల కొలత) కొని, వంటింటి కుళాయి దగ్గర వేర్వేరు రోజుల్లో చూడండి. ఎప్పుడూ 500 లోపే ఉంటే యూవీ ఫిల్టర్ సరిపోతుంది. తరచూ దాటుతుంటే లవణాలు తీసేసే ఆర్‌ఓ ఫిల్టర్ కావాలి. టీడీఎస్ కరిగిన లవణాలనే చూపిస్తుంది. అంకె తక్కువ వచ్చింది కదా అని వడకట్టకుండా తాగొద్దు, క్రిముల సంగతి ఆ మీటర్‌కు తెలియదు. మొదటి వారాల్లో పిల్లల చేత పళ్ళు కూడా ఫిల్టర్ నీళ్ళతోనే తోమించండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. లీటరు ప్యాకెట్టు, 200 మిల్లీలీటర్ల ప్యాకెట్టు రెండూ దొరుకుతాయి. లీటరుదాన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని.

ఇంటి గ్యాస్ బండ 14.2 కిలోలది. కనెక్షన్ వచ్చేలోపు 5 కిలోల చిన్న బండ గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. అమెరికాలో పైపు గ్యాసు గాలికంటే తేలిక, పైకి పోతుంది. బండలోని ఎల్‌పీజీ బరువైనది, నేల మీద పరుచుకుని గది మూలల్లో నిలుస్తుంది. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకండి. ఫ్యాన్ వేయడమూ ప్రమాదమే. రెగ్యులేటర్ ఆపేసి, బాల్కనీ తలుపు బార్లా తీసి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి. ఇది పనిమనిషికి, వంటమనిషికి కూడా చెప్పి ఉంచాలి.

పాల దగ్గర ఒక చిన్న లెక్క. అమెరికాలో హోల్ మిల్క్ వెన్న 3.25 శాతం. ఇక్కడ దానికి దగ్గరగా ఉండేది టోన్డ్ పాలు, 3 శాతం. పేరు చూసి ఫుల్ క్రీమ్ తెస్తే అది 6 శాతం, అలవాటు లేని పిల్లలకు అరగకపోవచ్చు. ఇక్కడి ఓవెన్లు సెల్సియస్‌లో ఉంటాయి. అక్కడి వంటకంలో 350 అంటే ఇక్కడ 180కి కాస్త తక్కువ. జ్వరం మాత్రం ఇక్కడా ఫారన్‌హీట్‌లోనే చూస్తారు.

మందులు

అక్కడి డాక్టరు చీటీలో బ్రాండ్ పేరు ఒక్కటే ఉంటే ఇక్కడి మెడికల్ షాపులో అర్థం కాదు. జనరిక్ పేరు, మోతాదు రాయించుకుని రండి. అయినా కొన్ని పేర్లు వేరు. ఎసెటమినోఫెన్ అంటే ఇక్కడ పారాసెటమాల్, ఆల్‌బ్యుటరాల్ అంటే సాల్‌బుటమాల్, ఎపినెఫ్రిన్ అంటే అడ్రినలిన్. అమెరికా నుంచి తెచ్చిన టైలినాల్ వేసుకుని, పైన డోలో కూడా వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు పడినట్టు. పెద్దవాళ్ళకు కూడా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్య) ఆంఫెటమిన్ రకం మందు వాడేవారికి అది ఇక్కడ దొరకదు. మిథైల్‌ఫెనిడేట్‌కు మారడం కుదురుతుందేమో బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పిల్లలకు 911 బదులు 112 నేర్పండి. అంబులెన్సుకు 108. కుక్క కరిచినా గీరినా సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబీస్ టీకా మొదలుపెట్టాలి. గాయం చిన్నదే కదా అని ఆగకూడదు.

రోడ్డు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అమెరికాలో ఉండగానే తీసుకోండి. ఏడాది చెల్లుతుంది, అమెరికా లైసెన్స్ కూడా వెంట ఉండాలి. ఇక్కడి మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ స్టీరింగ్‌కు కుడివైపు. అలవాటుగా ఎడమచెయ్యి కదిపితే వైపర్లు తిరుగుతాయి, వెనకవాడికి మీరు మలుపు తీసుకుంటున్నట్టు తెలియదు. ముందు ఆదివారం ఉదయం ఖాళీ రోడ్ల మీద నడిపి చూసుకోండి.

అమెరికా పన్ను మాత్రం వదలదు

పౌరసత్వం ఉన్నన్నాళ్ళూ ఎక్కడున్నా అక్కడ రిటర్ను వేయాలి. విదేశంలో ఉండేవారికి గడువు దానంతటదే జూన్ 15 దాకా పొడిగిస్తారు, కానీ కట్టాల్సిన పన్నుపై వడ్డీ ఏప్రిల్ నుంచే పడుతుంది. ఇక్కడి ఖాతాలన్నిటి మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం) కూడా దాఖలు చేయాలి. అమ్మతో కలిసి తెరిచిన జాయింట్ ఖాతా, మీరు సంతకం చేయగల నాన్నగారి ఖాతా కూడా ఇందులోకి వస్తాయి. ఇది రిటర్నులో భాగం కాదు, అమెరికా ఆర్థిక శాఖ విభాగమైన ఫిన్‌సెన్ సైటులో విడిగా వేయాలి. బ్యాంకులో ఎవరైనా మ్యూచువల్ ఫండ్ తీసుకోమంటే సంతకం పెట్టకండి. భారతీయ ఫండ్లను అమెరికా పీఎఫ్‌ఐసీ (విదేశీ పెట్టుబడి సంస్థ) కింద లెక్కగట్టి భారీ పన్ను వేస్తుంది, ఫండ్‌కొక ఫారం నింపాలి. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో మాట్లాడాకే ఆ నిర్ణయం తీసుకోండి.