టెడ్ బిగించేటప్పుడు ముందు వాలు చూడండి

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరం దగ్గరికి వస్తాయి. రొయ్యల ట్రాలర్లు తిరిగేదీ ఆ నీళ్లలోనే. వేట నిషేధం ఏప్రిల్ 15న గానీ మొదలవదు, అప్పటికి తాబేళ్ల కాలం చాలావరకు అయిపోతుంది. అందుకే వలలోనే దారి పెట్టాలి. ఆ దారే టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్): వల గొంతుకూ చివరి సంచికీ మధ్య ఏటవాలుగా కుట్టే ఊచల చట్రం. రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు ఊచల మీదుగా జారి పైనున్న కంతలోంచి బయటపడుతుంది.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మొదట రూపొందించిన చట్రం 100 × 80 సెంటీమీటర్లు, ఊచల మధ్య ఖాళీ 142 మిల్లీమీటర్లు. అమెరికా నిబంధనలో ఆ ఖాళీ 4 అంగుళాలు (సుమారు 102 మిల్లీమీటర్లు) మించకూడదు. అక్కడికి ఎగుమతి అయ్యే రొయ్య పట్టేవాళ్లు చట్రం చేయించే ముందే ఇది తేల్చుకోవాలి, ఊచలు వెల్డింగ్ అయ్యాక మార్చడం దండగ ఖర్చు.

పై కంత ఉన్న టెడ్‌లో చట్రం కింది అంచు వల మూతి వైపు, పై అంచు సంచి వైపు ఉండాలి. తిరగేసి కుడితే తాబేలు కింద ఇరుక్కుంటుంది. వాలు 45 డిగ్రీలు పెట్టండి. కొలవడానికి జెట్టీ మీద చట్రం కుట్టిన వల ముక్కను రెండు వైపులా కట్టి బిగువుగా లాగండి. దారానికి సీసం కట్టి చట్రం పై అంచు నుంచి వేలాడదీయండి. సీసం నిలిచిన చోటికీ కింది అంచుకీ మధ్య దూరం, 100 సెంటీమీటర్ల చట్రానికైతే, 71 సెంటీమీటర్లు రావాలి. 57 వస్తే వాలు 55 డిగ్రీలకు చేరినట్టు: తాబేలు జారకుండా ఊచలకు అతుక్కుంటుంది, ప్లాస్టిక్, గడ్డి పేరుకుంటాయి. 87 వస్తే 30 డిగ్రీలకు పడుకున్నట్టు: నీటితో పాటు రొయ్యలూ కంతలోంచి పోతాయి. "టెడ్ పెడితే రొయ్య పోతుంది" అనే మాట వచ్చిన చోట ముందు కొలవాల్సింది ఇదే. కొత్త వల కొన్ని లాగుళ్ల తర్వాత సాగుతుంది కాబట్టి మళ్లీ కొలవండి.

చట్రం బరువుకు వల కిందికి కుంగకుండా పై భాగంలో రెండు పక్కలా ఫ్లోట్లు కట్టండి. కంత మీది మూతను ముందు అంచున కుట్టి, వెనక అంచును వదిలేయాలి. దాన్ని తాడుతో కట్టేస్తే ఆ టెడ్ ఉన్నా లేనట్టే. వల దించేటప్పుడు మెలిక పడిందేమో చూడండి. మెలిక పడితే కంత అడుగుకు తిరుగుతుంది.

చిన్న చేపల సంగతికొస్తే అవి సంచిలో చిక్కకుండా టెడ్ ఆపదు. దానికి సంచి భాగంలో 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను వల వాడాలి. మామూలు వల ముక్కను రెండు చేతులా పొడవునా లాగితే కన్ను గీతలా మూసుకుపోతుంది. అదే ముక్కను 45 డిగ్రీలు తిప్పి, అంటే చదరపు కన్నుగా, లాగితే తెరుచుకునే ఉంటుంది, చేప పిల్లలు జారిపోతాయి.

ఇన్ని చేసినా తాబేలు డెక్ మీదికి వస్తే, కదలనంత మాత్రాన చచ్చిందనుకోవద్దు. చాలామంది కలాసీలు వెల్లకిలా పడేస్తారు, అది తప్పు. పొట్ట కిందికి ఉంచి, వెనక భాగాన్ని కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తుగా పెట్టాలి, ఊపిరితిత్తుల్లోని నీళ్లు కారిపోతాయి. తడి గుడ్డ కప్పండి, ముక్కు మాత్రం మూసేయకండి. కంటిని లేదా తోకను మెల్లగా తాకి స్పందన చూస్తుండండి. తేరుకోవడానికి 4 గంటలు, ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. వదిలేటప్పుడు వల నీళ్లలో ఉండకూడదు. ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి, బోటు వెనక నుంచి మెల్లగా దించాలి. అది దూరంగా వెళ్లిందని చూసుకున్నాకే సరంగు గేరు వేయాలి.