ఆర్మీలో ఇంజనీరు ఆఫీసరు కావాలంటే

మా విజయనగరంలో బీటెక్ పిల్లలు ఇంటికొచ్చి అడుగుతుంటారు, "సార్, ఆర్మీలో ఇంజనీరు ఆఫీసరు కావాలంటే ఏం చెయ్యాలి?" అని. నేను కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌లో కల్నల్‌గా రిటైరయ్యాను. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక తికమక తీరాలి. సికింద్రాబాద్‌లో ఎంసీఈఎంఈ అనే మిలిటరీ కాలేజీ ఉంది కదా, ఆర్మీ ఇంజనీర్లంటే వాళ్లేనని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అది ఈఎంఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ అనే వేరే కోర్ (ఆర్మీలో ఒక విభాగం). ట్యాంకులు, తుపాకులు, బండ్లు బాగుచేసేది వాళ్లు. మేం సాపర్లం, కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్లని అలా అంటారు. వంతెన వెయ్యడం, మైన్లు (మందుపాతరలు) పాతడం, తియ్యడం, కొండల్లో దారి చెయ్యడం, దళానికి నీళ్లందించడం మా పని. మాలో మూడు గ్రూపులు: బెంగళూరులో మద్రాస్ సాపర్లు, రూర్కీలో బెంగాల్ సాపర్లు, పుణె పక్కన ఖడ్కీలో బాంబే సాపర్లు.

దారులు చాలానే ఉన్నాయి. ఇంటర్‌లో ఉంటే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయండి. ఎంపీసీ వాళ్లయితే జేఈఈ మెయిన్ రాసి టీఈఎస్‌కి (టెక్నికల్ ఎంట్రీ స్కీమ్) కూడా దరఖాస్తు చెయ్యొచ్చు. బీటెక్ చివరి ఏడాదిలో ఉంటే టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు), లేదా షార్ట్ సర్వీస్ టెక్నికల్. ఈ రెంటికీ రాతపరీక్ష లేదు, ఇంజనీరింగ్ మార్కులు చూసి పిలుస్తారు. కాబట్టి సెమిస్టర్లు తేలిగ్గా తీసుకోకండి. ఆడపిల్లలకీ దారి ఉంది. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక చూరల్‌మలలో 190 అడుగుల బెయిలీ వంతెన (ఉక్కు ప్యానెళ్లు కలిపి వేసేది) వేసిన మద్రాస్ సాపర్లతో ముందుండి పనిచేసింది మేజర్ సీతా షెల్కే.

తరవాత ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు పరీక్షలు, ఐదు రోజులు. పిల్లలకి టెన్షనంతా ఇక్కడే. అందులో ఒక పరీక్షలో ఒక్కో మాట తెర మీద 15 సెకన్లు కనిపిస్తుంది, ఆలోపు వాక్యం రాయాలి. అలాంటివి 60. మొదటిసారి నేను బట్టీపట్టిన వాక్యాలతో వెళ్లాను. చివరి రోజు కాన్ఫరెన్స్ దాకా ఉంచి ఇంటికి పంపేశారు. రాసినదొకటి, ఇంటర్వ్యూలో చెప్పినదొకటి, మైదానంలో చేసినది ఇంకొకటి అయితే వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. రెండోసారి నాకు నిజంగా తోచిందే రాశాను. గ్రూప్ టాస్కులో గట్టిగా అరవక్కర్లేదు. చెక్క పలక బరువున్న వైపు ముందుగా ఎవరు చెయ్యి వేస్తారో చూస్తారు. ఇంగ్లీషు కాస్త తడబడినా ఫరవాలేదు, చెప్పేది సూటిగా ఉండాలి.

ఎంపికైతే అకాడమీలో శిక్షణ. దాని చివర్లో మీరు అడిగినది, మీ మెరిట్, ఖాళీలు చూసి కోర్ ఇస్తారు. ఇంజనీర్స్ వస్తే పుణెలోని సీఎంఈకి (కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్) యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి వెళ్తారు. కానీ అసలు చదువు రెజిమెంటులోనే.

నా మొదటి బ్రిడ్జింగ్ క్యాంపులో నోట్‌బుక్ పట్టుకుని గట్టున నిలబడ్డాను. సుబేదార్ సాబ్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: "సాబ్, అది పక్కన పెట్టి ఒక ప్యానెల్ మొయ్యండి." బెయిలీ ప్యానెల్ పది అడుగుల పొడవు, దాదాపు 260 కిలోలు. ఆరుగురు అడ్డకర్రలు దూర్చి ఎత్తాలి. ఒకడి అడుగు తప్పితే మిగతా ఐదుగురి నడుములూ పోతాయి. రెండు ప్యానెళ్లు కలిపేచోట రంధ్రాలు సరిగ్గా ఎదురుపడ్డాయో లేదో చూడాలి. నా వేలు అటు పోబోతుంటే ఆయన నా మణికట్టు పట్టి వెనక్కి లాగారు. అక్కడ వేలు పెట్టకూడదు. ప్యానెల్ అంగుళం జరిగినా వేలు తెగిపోతుంది. పిన్ను పెట్టి సుత్తితో కొట్టాలి, అంతే. సాయంత్రానికి నా భుజం కమిలిపోయింది. కానీ మర్నాడు ఎవరిని ఏ మూల పెట్టాలో, ఎంతసేపటికి విశ్రాంతి ఇవ్వాలో నాకు తెలిసింది. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. మీరు లెఫ్టినెంటుగా ఉన్న రెండేళ్లలో జవాన్లు చేసే పని ప్రతిదీ ఒక్కసారైనా మీ చేత్తో చెయ్యండి. వాళ్ల భాష నేర్చుకోండి. రాజస్థాన్ వాడైనా, తమిళుడైనా ఇంటి కష్టం తన మాటల్లోనే చెప్పుకుంటాడు.

ప్రమోషన్ పరీక్షలు పాసవుతుంటే రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్ వస్తాయి. ఆపైన సెలెక్షన్ బోర్డు. ఏటా మీ పై ఆఫీసరు రాసే రిపోర్టులే అక్కడ మాట్లాడతాయి. మధ్యలో ఎంఈఎస్ (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్), సరిహద్దు రోడ్ల సంస్థ పోస్టింగులు, ఐఐటీలో ఎంటెక్ అవకాశం కూడా ఉంటాయి. ఇంజనీరు పైకి రాడనే మాట పాతబడింది. బాంబే సాపర్ల నుంచి వచ్చిన జనరల్ మనోజ్ పాండే 2022 ఏప్రిల్ 30న ఆర్మీ చీఫ్ అయ్యారు, ఇంజనీర్లలో మొదటిసారి.

ఇక ఈ రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. పదో తరగతి మెమో, ఆధార్, బీటెక్ మార్కుల జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. మన పిల్లలకి ఇంటిపేరు ఒకచోట పొడక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. ఎస్‌ఎస్‌బీ పిలుపు వచ్చాక దీనికోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కుర్రాళ్లని నేను చూశాను. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి, దానికి నెలలు పడుతుంది.