పచ్చిపులుసు గిన్నె చేసే పద్ధతి

హనుమకొండలో నా కుమ్మరి సారె దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా రంగుల గురించే అడుగుతారు. గిన్నెలో ఏమి వడ్డిస్తారో నాకు తెలియాలి. పచ్చిపులుసుకైతే గిన్నె లోతుగా ఉండాలి, అంచు పెదవికి గుచ్చుకోకుండా గుండ్రంగా ఉండాలి, లోపలి గ్లేజు (గాజులాంటి పూత) చింతపండు పులుపుకు చెక్కుచెదరకూడదు.

చెరువు మట్టితో ఎందుకు చేయరని కొందరు అడుగుతారు. కుమ్మరి కుండకు ఆ మట్టిని మించింది లేదు. నీరు చెమర్చడం వల్లే కుండలో నీళ్లు చల్లబడతాయి. కానీ ఇనుము ఎక్కువగా ఉన్న ఆ మట్టి స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చి, నీరు పీల్చకుండా చేసే గట్టి పాత్రలు) కాల్చే వేడికి ఉబ్బి, వంగిపోతుంది. పులుసు గిన్నె చెమర్చకూడదు కనుక నేను స్టోన్‌వేర్ మట్టినే వాడతాను. అది ఆరి, కాలేసరికి దాదాపు 12 శాతం తగ్గుతుంది. చివరికి 15 సెంటీమీటర్ల వెడల్పు కావాలంటే సారె మీద 17 ఉండాలి.

మట్టిని గాలి బుడగలు పోయేదాకా పిసకండి. సారె మీద నడిమికి తేవడం చేతికి అలవాటు కావాల్సిందే, రాసి నేర్పలేను.

ఇక్కడి ఎండల్లో అసలు కష్టం ఆరబెట్టడమే. అంచు ముందుగా ఆరి అడుగు తడిగా మిగిలితే పగులు తప్పదు. ఫ్యాను ఆపి, గిన్నె మీద పల్చని ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పండి. అంచు గట్టిపడగానే బోర్లించండి. వేలితో నొక్కితే సొట్ట పడకుండా, గోటితో గీస్తే గీత పడే దశలో అడుగు చెక్కాలి.

మొదటి కాల్పు 1,000 డిగ్రీల వరకు. తడి పూర్తిగా పోయేదాకా 100 డిగ్రీలు దాటనివ్వకండి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్‌జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, అక్కడ తొందర అసలే వద్దు. చల్లారేటప్పుడూ అక్కడ తొందర వద్దు.

లోపల సీసం, కాడ్మియం లేని గ్లేజు మాత్రమే పూయండి. అడుగున అంటిన గ్లేజును తడి స్పాంజితో తుడవకపోతే గిన్నె కొలిమి పలకకు అతుక్కుపోతుంది. రెండో కాల్పు నా మట్టికి 1,220 డిగ్రీలు.

తర్వాత గిన్నెను తూచి, రెండు గంటలు నీళ్లలో మరిగించి, తుడిచి మళ్లీ తూచండి. 500 గ్రాముల గిన్నె 510 దాటితే నీరు పీలుస్తున్నట్టే. చిక్కని చింతపండు రసం పోసి రాత్రంతా ఉంచండి. మెరుపు తగ్గినా, రంగు మారినా ఆ గ్లేజును పూలకుండీలకే వాడండి. రసం పరీక్షలో నెగ్గినా సీసం లేదని తేలినట్టు కాదు. అమ్మేముందు ప్రయోగశాల పరీక్ష చేయించండి.