అన్నవాహిక కింది భాగానికి రక్తం ఎక్కడ్నుంచి వస్తుందో బొమ్మ గీసి గుర్తుపెట్టుకోండి

ఈ టాపిక్‌ని పేర్ల లిస్ట్‌లా బట్టీ పడితే నాలుగు రోజుల్లో పోతుంది. నేనూ అలాగే చదివి వైవాలో ఒక్క పేరు చెప్పి ఆగిపోయాను, ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ముందు గీయమనే చెప్తున్నా.

తెల్ల కాగితం మీద అన్నవాహిక నిలువుగా గీయండి, అసలు పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దాని వెనక అయోర్టా, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం. ఇప్పుడు డయాఫ్రమ్‌కి, అంటే ఛాతీకీ ఉదరానికీ మధ్య ఉండే కండర పొరకి, ఒక అడ్డగీత, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు, ఎందుకంటే అన్నవాహిక దూరే కంత టి10 (ఛాతీ వెన్నుపూసల్లో పదోది) లెవెల్లో, అయోర్టా దాటేది టి12 దగ్గర, అంటే అన్నవాహిక ముందే ఉదరంలోకి వచ్చేస్తుంది, అయోర్టా ఇంకా వెనకే కిందకి దిగుతూ ఉంటుంది. ఈ తేడా బొమ్మలో కనిపించాలి.

గీతకి పైన సులువే, థొరాసిక్ అయోర్టా (ఛాతీలోని భాగం) ముందువైపు నుంచి సన్న బ్రాంచీలు నేరుగా అన్నవాహికకి వస్తాయి, నాలుగైదు చిన్న గీతలు పెట్టేయండి.

గీతకి కిందే అసలు విషయం. అయోర్టా ఉదరంలోకి రాగానే దాన్నుంచి సీలియాక్ ట్రంక్ అనే పొట్టి కొమ్మ పుడుతుంది, దానికి మూడు కొమ్మలు, అన్నింట్లో చిన్నది లెఫ్ట్ గ్యాస్ట్రిక్ ఆర్టరీ (ధమని). పొట్టకి వెళ్ళే ఆర్టరీ కదా అని చాలామంది దాన్ని తిన్నగా కిందకి గీసేస్తారు, తప్పు. అది ముందు పైకి, ఎడమకి ఎక్కి అన్నవాహిక పొట్టలో కలిసేచోటుకి వెళ్తుంది, అక్కడ ఈసోఫేజియల్ (అన్నవాహికకి వెళ్ళే) బ్రాంచీలు ఇచ్చి, ఆ తర్వాతే వంపు తిరిగి లెస్సర్ కర్వేచర్ (పొట్ట కుడివైపు చిన్న వంపు) వెంట కిందకి దిగుతుంది. ఆ బ్రాంచీలు అన్నవాహిక దూరిన కంతలోంచే పైకి పోయి అయోర్టా బ్రాంచీలతో కలుస్తాయి, కాబట్టి బాణం గుర్తు పైకి వేయండి. డిసెక్షన్‌లో పొట్టని పైకెత్తి వెనక గోడ మీద వేలు పెట్టి చూడండి, పాంక్రియాస్ నుంచి పైకి వెళ్ళే ఒక మడత తగులుతుంది, అందులో ఉన్నది ఈ ఆర్టరీనే, ఒక్కసారి తగిలితే ఇక మర్చిపోరు.

గీతకి కింద రక్తమిచ్చే రెండో ఆర్టరీ లెఫ్ట్ ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్. అయోర్టా నుంచో సీలియాక్ నుంచో పుట్టి అన్నవాహిక వెనకగా డయాఫ్రమ్‌కి పోతుంది, పోతూ అన్నవాహికకీ ఓ కొమ్మ ఇస్తుంది. వెనక కాబట్టి చుక్కల గీత చాలు.

అన్నవాహిక తీసేసి పొట్టనే గొట్టంలా పైకి లాగే సర్జరీలో మామూలుగా లెఫ్ట్ గ్యాస్ట్రిక్‌ని కట్టేస్తారు, ఆ గొట్టానికి ముఖ్యంగా రైట్ గ్యాస్ట్రోఎపిప్లోయిక్ (పొట్ట పెద్ద వంపు వెంట వెళ్ళే ఆర్టరీ) నుంచే రక్తం అందుతుంది. బొమ్మ సరిగ్గా ఉంటే ఎందుకలా చేస్తారో మీకే అర్థమవుతుంది.

ఇంకొకటి, వేరిసీస్ (ఉబ్బిన సిరలు) అన్న మాట ఇక్కడ రాయకండి. లివర్ సిరోసిస్‌లో ఉబ్బేవి వెయిన్లు (సిరలు), ఆర్టరీలు కావు, లెఫ్ట్ గ్యాస్ట్రిక్ వెయిన్ లివర్‌కి వెళ్ళే పోర్టల్ వెయిన్‌కి, పై వెయిన్లు ఛాతీలోని అజైగస్ వెయిన్‌కి పోతాయి. వాటికి నీలం పెన్నుతో ఇంకో పేజీ పెట్టుకోండి.